పడవ కీల్: ఇసుకదరిపై దాని సంరక్షణము

నడిసముద్రమున గాలివానకును అలల పోటునకును తట్టుకొని నిలిచిన పడవ, దరికి వచ్చి ఇసుకను తాకిన ఆ కొద్ది బారల దూరములోనే తన యాయుష్షున పెద్దపాలు పోగొట్టుకొనుచున్నదని చెప్పిన వినువారికి తొలుత వింతగా తోచవచ్చును. కాని ఇచ్ఛాపురము మొదలు తడ వరకు గల మన దరులలో ఏ పల్లెయొడ్డుననైనను బోర్లించి యుంచిన ఫైబరు బోటు అడుగును ఒకమారు చేతితో తడవి చూచినవారికి ఇందలి సత్యము వెంటనే గోచరించును. ప్రక్కలపై రంగు చెక్కుచెదరక నిగనిగలాడుచుండగా, అడుగున పొడవునా సాగు కీల్ మాత్రము ముందుకొసను వెనుకకొసను అరిగి, గాజునారల పీచు పైకి లేచి, అక్కడక్కడ వ్రేలు దూరునంతటి గుంటలతో కానవచ్చును. అరిగిన కీల్‌ను బాగుచేయు విధానమును ఈ అధ్యాయమున సవిస్తరముగా చెప్పబోవుచున్నాను. ఐనను నా దృష్టిలో అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు: ఇసుకకును రాతికిని తగులవలసినది కీల్ కాదు, కీల్ క్రింద మనము బుద్ధిపూర్వకముగా అమర్చి, అరిగినపుడు ఊడదీసి పారవేయదగిన మరియొక వస్తువు.

మన పూర్వులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. కొయ్యదుంగలను త్రాళ్ళతో బిగించిన తెప్పకు కీల్ అనునదే లేదు. ఒడ్డు చేరిన పిమ్మట కట్లు విప్పి దుంగలను ఆరవేసికొనుచుండిరి. పాశ్చాత్య యాత్రికులు మసూలా పడవ యని తమ గ్రంథములలో వర్ణించిన పడవ, పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టి చేసినది. దానికి చదునైన అడుగే గాని కీల్ లేదు, లోపల బిగువైన చట్రమును లేదు, అందుచేత అలతాకిడికి అది విరుగక వంగి, అల వెడలిన వెనుక మరల యథారూపమును పొందుచుండెను. చెన్నపట్టణమున రేవు కట్టక పూర్వము ఓడలనుండి మనుష్యులను, సరకులను దరికి చేర్చినవి ఈ కుట్టుపడవలే. ఇక కోరంగి ప్రాంతమున కట్టిన పెద్ద కొయ్యఓడలకు బలిష్ఠమైన కీల్ ఉండెను గాని, అవి గోదావరి పాయలలోని మెత్తని బురదనీటిలో నిలుచునవే తప్ప ఇసుకపైకి ఈడ్వబడునవి కావు. అట్టి ఓడలను కట్టిన శిల్పులు సైతము, మన దేశముననే గాక లోకమున పెక్కుచోట్ల, అసలు దూలము క్రింద పలుచని దూలము నొకదానిని వేరుగా తొడిగి, నేల తాకినపుడు నష్టము దానికే కలుగునట్లు ఏర్పాటు చేసికొనుచుండిరి. నేను చెప్పబోవు రక్షణోపాయమునకు మూలము ఇదియే. అందు నూతనత్వమేమియు లేదు.

1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రముగా ప్రారంభించిన బంగాళాఖాత కార్యక్రమమువారు, తూర్పుతీరమున రేవులు లేని తావులకు తగినట్లు, అలలను దాటి తిన్నగా ఇసుకపైకి వచ్చి దిగగల యంత్రపుపడవల రూపకల్పనకు పూనుకొని, దరి చేరునపుడు నీటిని త్రోయు చక్రమును పైకి ఎత్తుకొనుటకు వీలగు యంత్రముల అమరికను కూడ ప్రయోగించి చూచిరి. అటుతరువాత గాజునారయు రెజినును కలిపి చేసిన ఫైబరు బోట్లు తీరమంతటను వ్యాపించి, తెప్పల స్థానమును చాలవరకు ఆక్రమించినవి. ఇవి తేలిక, వేగము గలవి, చెదలును నౌకాపురుగును తాకనివి. కాని కుట్టుపడవకు గల వంగుగుణము వీనికి లేదు. పడవ గాలికి ప్రక్కకు జారక తిన్నగా సాగుటకును, పొడవునా వంగక నిలుచుటకును కీల్ అవసరము. ఆ కీలే అన్నింటికంటె క్రిందనుండుటచే మొదటిదెబ్బ దానికే తగులును.

మన తీరపు ఇసుకయు సామాన్యమైనది కాదు. భీమునిపట్టణము మొదలు శ్రీకాకుళపు దరుల వరకు ఇల్మెనైటు, జిర్కాను మున్నగు బరువైన ఖనిజములతోపాటు గార్నెట్ అను ఎర్రని రేణువులు ఇసుకలో కలిసియున్నవి. కొయ్యను నునుపుచేయుటకు కాగితముపై అంటించి వాడు గరుకుపదార్థములలో ఈ గార్నెట్ ఒకటి. సాధారణమైన ఇసుకలోని క్వార్ట్జు సైతము మోహ్స్ కాఠిన్యమానమున 7వ మెట్టున నుండగా, గాజు 5.5 ప్రాంతముననే యుండును, రెజిను గాజుకంటెను మిక్కిలి మెత్తనిది. కావున ప్రతిదినము పడవను పైకి లాగునపుడును క్రిందికి త్రోయునపుడును మనము చేయుచున్నది, తెలియకయే, దాని కీల్‌ను గరుకుకాగితముపై రాయుట. కీల్‌పై నున్న జెల్‌కోటు అను పైపూత మందము సాధారణముగా అర మిల్లీమీటరు మాత్రమే. అది పోయినపిదప నీరు నారల వెంబడి లోనికి ప్రాకును. కీల్ నడుమ కొయ్యను పొదిగి పైన ఫైబరు చుట్టిన పడవలలో ఆ కొయ్య నానును, క్రుళ్ళును, పైకి మాత్రము ఏమియు తెలియదు. నీరు త్రాగిన పడవ బరువెక్కును. బరువెక్కిన పడవ మరింత అరుగును.

ఈ నిదానపు అరుగుదల గాక, ఆకస్మికముగా తగులు దెబ్బ వేరు. దరిని చేరు సమయమున పడవ ముందుకొస ఇసుకను తాకియుండగా, వెనుక నుండి వచ్చిన అల తోకను పైకెత్తి వదలిన యెడల, పడవయు, యంత్రమును, వలలును, చేపలును కలిసిన బరువంతయు కీల్‌లో జానెడు చోటుపై ఒక్కపెట్టున పడును. ఉప్పాడవలె సముద్రము ఒడ్డును కోయుచు, కోతకు అడ్డముగా బండలు వేసిన తావులలో ఇసుక క్రింద రాళ్ళు దాగియుండుటచే ఈ దెబ్బ మరింత ప్రమాదకరము.

కీల్‌ను పరీక్షించుటకును బాగుచేయుటకును మన తీరమున ప్రకృతియు ప్రభుత్వమును కలిసి ఇచ్చిన కాలము వేటనిషేధకాలము. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవలు కడలిలోనికి పోరాదు. ఈ కాలమున మొదటి వారమునందే పడవను ప్రక్కకు ఒరిగించి మంచినీటితో కడుగవలెను. ఉప్పు మిగిలిన యెడల అది గాలిలోని తేమను ఈడ్చుచునే యుండును గాన, ఎంత ఎండ కాచినను ఫైబరు ఆరదు. ఆరిన పిమ్మట చిన్న సుత్తిపిడితో గాని, రూపాయి నాణెముతో గాని కీల్ పొడవునా తట్టుచు చెవియొగ్గి వినవలెను. గట్టిగానున్న చోట శబ్దము ఖణిల్లుమని తేటగా పలుకును. పొరలు విడిన చోటను, లోపల నానిన చోటను బొదబొదమని మందముగా వినవచ్చును. అట్టి స్థలములను సుద్దతో చుట్టు గీసి గుర్తింపవలెను. కీల్ పైకి వంగి ముందుకొమ్ముతో కలియు వంపును, తోకవైపు చివరను, ట్రెయిలరుపై ఎక్కించు పడవయైనచో రోలర్లు ఆనుచోట్లను రెండింతల శ్రద్ధతో చూడవలెను. నక్షత్రాకారమున చీలిన సన్నని గీతలు దెబ్బకు గుర్తు. బుడగలవలె పొంగిన చోటును సూదితో పొడిచిన ద్రవము వెలికి వచ్చి, పులిసిన వాసన వేసిన యెడల, నీరు రెజినుతో కలిసి రసాయనిక మార్పునకు లోనైనదని గ్రహింపవలెను.

కీల్‌కు నేరుగా పైన, పడవ లోపలి అడుగును కూడ చూడక పని ముగిసినదని తలపరాదు. వెలుపల చిన్న గీతగా కనబడిన దెబ్బకు లోపల చట్రము అతుకూడి యుండుట కలదు. అట్లున్నపుడు వెలుపల ఎంత పూత పూసినను ప్రయోజనము లేదు.

ఇక మరమ్మతు. చెడిన భాగమును గ్రైండరుతో, గట్టిపొర దొరకువరకు, నిర్దాక్షిణ్యముగా తొలగింపవలెను. సగము చెడిన పొరపై క్రొత్తపొర వేయువాడు తన సొమ్మును, శ్రమను ఇసుకపాలు చేయుచున్నాడు. గుంట అంచులు నిటారుగా నుండరాదు. పల్లమునకు దిగినట్లు ఏటవాలుగా నుండవలెను. ఆ వాలు కొలత యేమనగా, లోతునకు పండ్రెండింతలు: 5 మిల్లీమీటర్ల మందము పోయినచో చుట్టును 60 మిల్లీమీటర్ల వెడల్పున వాలు దింపవలెను. చాలమంది మేస్త్రీలు ఇంత వెడల్పు వృథాయని తలచి రెండంగుళములలోపే నిలిపివేయుదురు. కాని పాత ఫైబరునకును క్రొత్తదానికిని గల సంబంధము కేవలము జిగురు పట్టు మాత్రమే గాన, పట్టు విస్తీర్ణముపైననే బలము ఆధారపడియున్నది. గ్రైండరు పట్టినవాడు ముక్కునకు ధూళిని ఆపగల మాస్కు, కన్నులకు అద్దములు ధరింపక పనికి దిగరాదు. గాజుధూళి ఊపిరితిత్తులకు హానికరము, చర్మమునకు దురద. ముక్కునకు కట్టుకొను తువ్వాలు ఈ ధూళిని ఆపజాలదు.

గుంట తెరచిన పిదప తొందరపడరాదు. కీల్‌లోని కొయ్య నానియున్నచో క్రుళ్ళిన దానిని త్రవ్వివేసి, మిగిలినది పూర్తిగా ఆరువరకు పడవను నీడను, గాలి తగులునట్లు ఉంచవలెను. ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితమును ఆ చోట పరచి అంచులను టేపుతో అంటించి ఒకరాత్రి ఉంచినచో, తెల్లవారునప్పటికి లోపలివైపున చెమ్మ పట్టెనేని ఇంకను తడి యున్నదని తెలియును. అట్టి తడి యుండగా రెజిను పూసిన, పై పొర లోపలి తేమను బంధించుటయే యగును.

పాలియెస్టరు రెజిను వాడవలెనా, ఎపాక్సీ వాడవలెనా అను ప్రశ్న తరచుగా వచ్చును. పాత ఫైబరును పట్టుకొనుటలో ఎపాక్సీ నిస్సందేహముగా మేలు. ధర మాత్రము ఎక్కువ. దెబ్బ లోతుగా పడి, కీల్ బలమునకే ముప్పు వాటిల్లినచోట ఎపాక్సీ వాడుట మంచిదని నా నిశ్చితాభిప్రాయము. పైపై అరుగుదలకు పాలియెస్టరే చాలును. ఐతే రెండు జాగ్రత్తలు కలవు. గాజునారలను విడివిడిగా చల్లి బంధకముతో అంటించిన మామూలు మ్యాట్‌లోని బంధకము పాలియెస్టరులో కరగునట్లు చేయబడినది, ఎపాక్సీలో అది సరిగా కరగదు. కావున ఎపాక్సీతో నేసిన గుడ్డను గాని, కుట్టిన గుడ్డను గాని వాడవలెను. ఎపాక్సీ గట్టిపడిన పిమ్మట దానిపై పాలియెస్టరు జెల్‌కోటు నమ్మదగినట్లు పట్టదు. దానిపై ఎపాక్సీకి తగిన రంగునే వేయవలెను.

పాలియెస్టరు పనియందు చదరపు మీటరునకు 450 గ్రాములు తూగు మ్యాట్ ఒక పొర ఆరిన వెనుక సుమారు ఒక మిల్లీమీటరు మందమిచ్చును. అనగా 5 మిల్లీమీటర్ల లోతునకు ఐదు పొరలు. మ్యాట్ బరువునకు రెండు లేక రెండున్నర రెట్లు రెజిను పట్టును. అంతకు మించి పోసిన రెజిను బలమును పెంపదు, పెళుసుదనమును పెంచును. పాతపొరకు ఆనుకొని మొదట మ్యాట్‌నే వేయవలెను గాని నేసిన రోవింగును వేయరాదు. రోవింగు నేతలోని ఎత్తుపల్లములు పాత ఉపరితలమును నిండుగా తాకవు. ప్రతిపొరను పళ్ళరోలరుతో నొక్కి, తెల్లగా కనిపించు గాలిబుడగలు మాయమగువరకు నడుపవలెను. మూడు పొరలకు మించి ఒక్కసారిగా వేసిన, గట్టిపడునపుడు పుట్టు వేడికి రెజిను బీటలువారును.

ఇచట ప్రాణరక్షణకు సంబంధించిన మాట యొకటి చెప్పక తప్పదు. రెజినును గట్టిపరచు క్యాటలిస్టును, దానిని త్వరపెట్టు కోబాల్టు యాక్సిలరేటరును ఎన్నడును ఒకదానితో నొకటి నేరుగా కలుపరాదు; కలిపినచో మంటయో, విస్ఫోటనమో కలుగును. యాక్సిలరేటరును మొదట రెజినులో బాగుగా కలిపి, ఆ తరువాతనే క్యాటలిస్టును చేర్చవలెను. రెండింటిని వేర్వేరు చోట్ల, వేర్వేరు కొలతపాత్రలతో ఉంచవలెను. క్యాటలిస్టు చుక్క కంట పడిన చూపు పోవచ్చును. అట్లు పడినచో తక్షణమే ధారాళమైన మంచినీటితో పావుగంటకు తగ్గకుండ కడిగి వైద్యుని వద్దకు పోవలెను. బీడీ వెలిగించువారిని రెజిను, ఎసిటోను ఉన్న దరిదాపులకు రానీయరాదు.

మే మాసపు ఎండ మన పనికి మరియొక చిక్కు తెచ్చును. క్యాటలిస్టు పాలు రెజిను బరువులో నూటికి ఒకటి మొదలు రెండు వంతులు. వేడిమి ఎక్కువైనకొలది ఒకటికి దగ్గరగా తగ్గింపవలెను గాని, తయారుచేసినవారు చెప్పిన కనిష్ఠమునకు దిగువకు పోరాదు, పోయినచో రెజిను ఎన్నటికిని పూర్తిగా గట్టిపడదు. తెల్లవారుజామున కంటె సాయంకాలము పొర వేయుట మేలని నా అభిప్రాయము. ఉదయము నుండి వేడిమి పెరుగుచుండగా పడవ అడుగులోని గాలి వ్యాకోచించి తడిపొరలోనికి బుడగలుగా వచ్చును, వేడిమి దిగుచున్న వేళ అట్టి బాధ లేదు. ఐనను మంచు పడువేళకు ముందే పని ముగియవలెను. చివరిపూతగా వేయు జెల్‌కోటులో మైనపు ద్రావణమును కలుపవలెను, లేదా పూతపై పలుచని ప్లాస్టిక్ పొరను పరువవలెను. గాలి తగిలిన పాలియెస్టరు పైపొర జిగటగానే నిలిచిపోవును.

కీల్ యథారూపమునకు వచ్చిన తరువాత దాని క్రింద అమర్చు పట్టీ సంగతి. ఎద్దు గిట్టకు లాడము వంటిది ఇది: అరుగుటయే దాని పని, మార్చుట మన పని. శుద్ధమైన ఇసుకదరికి గట్టికొయ్య పట్టీ గాని, అధికసాంద్రతగల పాలిథీను పట్టీ గాని చాలును. రెండవది ఇసుకపై తేలికగా జారును, నీరు త్రాగదు. రాళ్ళున్న దరికి స్టెయిన్‌లెస్ స్టీలు అర్ధవృత్తపు పట్టీ మేలు. అందును 316 రకమునే అడిగి తీసికొనవలెను. స్టెయిన్‌లెస్ అనగానే తుప్పు పట్టదని నమ్మువారు కలరు. అది గాలి సోకని చోట, నానిన కొయ్యలోను, పగుళ్ళలోను లోలోపల గుంటలుపడి తినబడును. కావున ఏటేటా రెండుమూడు మరలనైనను ఊడదీసి కాండమును చూడవలెను. మామూలు ఇనుపమేకులతో స్టెయిన్‌లెస్ పట్టీని బిగించుట మాత్రము పూర్తిగా వర్జనీయము. ఉప్పునీటిలో రెండు లోహములు కలిసినచోట ఇనుము శీఘ్రముగా క్షయించును.

పట్టీకొరకు వేయు ప్రతి రంధ్రమును నీటికి తెరచిన ద్వారమే. అందుచేత మరకంటె పెద్దదిగా రంధ్రము చేసి, దానిని చిక్కని ఎపాక్సీతో నింపి, గట్టిపడిన పిదప ఆ నడుమ మరకు సరిపడు సన్నని రంధ్రము తొలుచుట ఉత్తమవిధానము. మర అరిగి వదులైనను నీరు కొయ్యను చేరదు. పట్టీకిని కీల్‌కును నడుమ పాలియూరిథేను సీలెంటు దట్టముగా పూయవలెను. సిలికాను నీటిక్రింద నమ్మదగినది కాదు. పట్టీ కొసలను పలుచగా చెక్కి కీల్‌లో లీనమగునట్లు చేయనిచో, వల గాని త్రాడు గాని ఆ కొసకు తగులుకొని పట్టీనే పెరికివేయును.

ఇంత చేసినను దరి చేర్చు తీరు మారనిచో ఫలము స్వల్పము. పడవ ఇసుకను తాకుటకు ముందే యంత్రమును ఎత్తవలెను. తాకిన తోడనే వలలను, చేపలను, మంచును, నూనెపీపాలను దింపి, పిదపనే పైకి లాగవలెను. దింపుటకు పట్టు కాలము వ్యర్థమని తోచవచ్చును గాని, బరువు సగమైన కీల్ అరుగుదలయు ఇంచుమించు ఆ మేరకు తగ్గును. దుంగలను గాని, గాలి నింపిన రోలర్లను గాని క్రింద వేయుట సాధ్యమైనచోట ఈడ్చుట యనునదే కూడదు. పడవను మరల సముద్రమునకు అభిముఖముగా త్రిప్పునపుడు కీల్ తోకపై దానిని గిరగిర త్రిప్పుట అన్నింటికంటె చెడ్డ అలవాటు. అపుడు బరువంతయు ఒక్కచోటనే మెలిపడును. ట్రాక్టరుతో లాగుచోట త్రాటిని ముందుకొమ్మునకు దిగువను, కీల్‌కు దగ్గరగా నున్న కొక్కెమునకు తగిలించి, తిన్నగా, నెమ్మదిగా లాగవలెను.

ట్రెయిలరు వాడుక మన పల్లెలలో తక్కువయే. పడవలు కట్టు కార్ఖానా నుండి ఊరికి తెచ్చునపుడును, తుపాను హెచ్చరికకు మెట్టకు తరలించునపుడును, హుస్సేన్‌సాగరమున పోటీలకు తెరచాప పడవలను కొనిపోవునపుడును అది కానవచ్చును. ట్రెయిలరుపై పడవ బరువు కీల్‌పై, కీల్ బరువు పెక్కు రోలర్లపై సమముగా పడవలెను. ప్రక్కపలకలు పడవ ఒరుగకుండ నిలుపుటకే గాని మోయుటకు కాదు. రోలర్ల రబ్బరు ఎండకు పగిలి, లోని ఇనుపకమ్మి బయటపడిన యెడల అది ప్రతి కుదుపునకును కీల్‌ను కోయును. ప్రయాణమునకు ముందు వానిని చేతితో త్రిప్పి చూచుట మరువరాదు. తోకభాగమునకు ఆధారము లేక, యంత్రము వ్రేలాడుచు, పడవ గాలిలోనికి పొడుచుకొనియుండగా గతుకులబాటను పోయినచో కీల్ నడుమ వంగును. అట్లు వంగిన వంపు మరల తీయుట కష్టసాధ్యము. దూరప్రయాణమునకు యంత్రమును దింపి వేరుగా కొనిపోవుటయే క్షేమము. పట్టీత్రాళ్ళను మరీ బిగించి కట్టుట వలనను రోలర్ల వద్ద అడుగు లోనికి నొక్కుకొనును గాన, పడవ కదలకుండునంత బిగువు మాత్రమే చాలును.

బాగుచేసిన పడవను జూన్ మాసమున తిరిగి నీటిలోనికి దింపిన తొలివారము ప్రతిదినము లోపలి అడుగును తుడిచి ఆరనిచ్చి, మరునాటి వేకువను వేలితో తడవి చూడవలెను. నీరు ఊరెనేని రుచి చూచి వాననీరో ఉప్పునీరో తెలిసికొనుట పాత జాలరుల పద్ధతి; ఉప్పునీరైనచో పట్టీమరలలో ఏదో యొకటి వదులైనదని ఎంచి, ముందుకొస మరలతో మొదలిడి ఒక్కొక్కటిగా ఊడదీసి, సీలెంటు మార్చి మరల బిగింపవలెను.